బాలల సాహస, అద్భుత నవలల ఎంపిక

సుమారు 8 నుండి 12 సంవత్సరాల వయసు గల పాఠకుల కొరకు వ్రాయబడిన దీర్ఘ కథలలో సాహస నవలలు, అద్భుత నవలలు (ఫాంటసీలు) ముఖ్యమైనవి. అక్షరాలు కూడబలుక్కునే దశ దాటి, సొంతంగా ఒక పూర్తి పుస్తకాన్ని చదవగలిగే దశకు పిల్లలు చేరుకునే వయసు ఇదే. సాధారణంగా 3వ తరగతి నుండి 7వ తరగతి వరకు చదివే పిల్లలు ఈ కోవలోకి వస్తారు. ఈ వయసులో చేతికి అందిన మొదటి నవల నచ్చితే పుస్తక పఠనం అలవాటుగా మారే అవకాశం ఉంది. నచ్చకపోతే చదువు అంటే పాఠ్యపుస్తకమే అనే భావన స్థిరపడుతుంది. కావున ఈ పుస్తకాల ఎంపికకు బాలసాహిత్యంలోను, పాఠశాల గ్రంథాలయాల నిర్వహణలోను ప్రత్యేక స్థానం ఉంది.

తెలుగులో ఈ తరహా రచనలు ఎక్కువ భాగం పత్రికలలో ధారావాహికలుగా వెలువడ్డాయి. ఆ తరువాత కొన్ని పుస్తక రూపం దాల్చాయి. ఈ వ్యాసంలో తెలుగులో ఈ ప్రక్రియ చరిత్ర, పుస్తకాల ఎంపికలో గమనించవలసిన అంశాలు, రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేట వంటి మండల కేంద్రాలలో పుస్తకాలు పిల్లలకు చేరే మార్గాలు వివరించబడ్డాయి.

నిర్వచనం, పరిధి

సాహస నవలలో ప్రధాన పాత్ర తనకు పరిచయం లేని చోటికి ప్రయాణం కట్టి, ప్రమాదాలను తన తెలివితోను, ధైర్యంతోను, స్నేహితుల సహాయంతోను దాటుతుంది. జరిగే సంఘటనలు అరుదైనవే అయినా లోకంలో జరగడానికి వీలున్నవి. ఆర్.ఎల్.స్టీవెన్‌సన్ వ్రాసిన ట్రెజర్ ఐలాండ్ (1883), జూల్స్ వెర్న్ వ్రాసిన ఎనభై రోజుల భూప్రదక్షిణ కథ (1873) ఇందుకు ఉదాహరణలు.

అద్భుత నవలలో మంత్రశక్తులు, మాట్లాడే జంతువులు, యక్షులు, రాక్షసులు, మరో లోకాలు ఉంటాయి. లూయీ కారల్ వ్రాసిన ఆలిస్ కథ (1865), జె.ఆర్.ఆర్.టోల్కీన్ వ్రాసిన ది హాబిట్ (1937), సి.ఎస్.లూయిస్ వ్రాసిన నార్నియా కథలలో మొదటిది (1950), జె.కె.రౌలింగ్ హ్యారీ పోటర్ కథలలో మొదటిది (1997) ఈ కోవకు చెందినవి. అద్భుత కథలోని కల్పిత లోకానికి తనవైన నియమాలు ఉండాలని, ఆ నియమాలు నిలిచినంత వరకే పాఠకుడు దానిని నమ్ముతాడని టోల్కీన్ 1939లో చేసిన ఒక ప్రసంగంలో వివరించాడు. ఆ ప్రసంగం 1947లో వ్యాసంగా ప్రచురింపబడింది.

తెలుగులో ఈ రెండింటి మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు. జానపద నవల అని పిలువబడే రచనలో కత్తియుద్ధాలు, అడవి ప్రయాణాలు, మాంత్రికులు, శిథిల దేవాలయాలు అన్నీ కలిసే ఉంటాయి. కావున తెలుగు పుస్తకాల విషయంలో "సాహసమా, అద్భుతమా" అనే విభజన కంటే, కథలో చిక్కుముడి విడిపోయేది పాత్ర చేసిన పని వలననా, లేక మంత్రం వలననా అని చూడడం ఉపయోగకరం.

తెలుగులో చరిత్ర

మౌఖిక సంప్రదాయం

నవల రాక ముందే తెలుగునాట పిల్లలు అద్భుత కథలను చెవులతో విన్నారు. ఉత్తర తెలంగాణలో ఒగ్గు కథకులు మల్లన్న, బీరప్ప కథలను, శారదకాండ్రు బాలనాగమ్మ, కాంభోజరాజు వంటి కథలను రాత్రంతా చెప్పే సంప్రదాయం ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు ఈ కళారూపాలు బలంగా నిలిచిన ప్రాంతాలలోనివే. ఒక కథ నుండి మరొక కథ పుట్టడం, ఉత్కంఠ కలిగిన చోట ఆపి మరునాటికి వాయిదా వేయడం వంటి పద్ధతులు తరువాత పత్రికా ధారావాహికలలో కూడా కనిపిస్తాయి.

అచ్చు గ్రంథాలలో మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలు ప్రసిద్ధమైనవి. పన్నెండు సంపుటాలుగా వెలువడిన ఈ గ్రంథంలో మణిసిద్ధుడు అనే యతి, అతని వెంట వచ్చిన గోపకుమారుడు కాశీకి నడుస్తూ ఉంటారు. ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క కథ నడుస్తుంది. ఇవి పిల్లల కొరకు వ్రాసినవి కావు. భాష కూడా గ్రాంథికం. అయినప్పటికీ తెలుగు జానపద నవలకు, జానపద చలనచిత్రాలకు ఇవి ముడిసరుకు సమకూర్చాయి. 1951లో విడుదలైన పాతాళభైరవి చిత్రం ఆ ప్రభావంతో వచ్చినదే. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో జన్మించిన కవి సి.నారాయణరెడ్డి సినీ గేయ రచన కూడా 1962 నాటి గులేబకావళి కథ అనే జానపద చిత్రంతో ప్రారంభమైనది.

బాలల పత్రికలు

1945లో రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి "బాల" పత్రికను ప్రారంభించారు. 1947 జూలైలో మద్రాసు నుండి బి.నాగిరెడ్డి, చక్రపాణి "చందమామ"ను ప్రారంభించారు. తరువాతి కాలంలో బాలమిత్ర, బొమ్మరిల్లు, బాలజ్యోతి వంటి పత్రికలు కూడా ధారావాహికలను ప్రచురించాయి.

చందమామలో దీర్ఘకాలం సంపాదక బాధ్యత నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావు వాడుక భాషకు దగ్గరగా, చిన్న వాక్యాలతో, అనవసర వర్ణన లేకుండా కథ చెప్పే పద్ధతిని స్థిరపరచాడు. ప్రపంచ సాహిత్యంలోని ఇతిహాసాలను కూడా ఆ పత్రిక పిల్లలకు అందించింది. హోమర్ ఇలియడ్‌ను "భువనసుందరి"గాను, ఒడిస్సీని "రూపధరుడి యాత్రలు"గాను పరిచయం చేసింది. ఆ కథలలో గ్రీకు పేర్లు తెలుగు పేర్లుగా మారాయి.

దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు

తెలుగులో ఈ వయసు పిల్లల అద్భుత నవలకు రూపమిచ్చిన రచయితగా దాసరి సుబ్రహ్మణ్యం (1932-2010) ను పేర్కొనవచ్చు. 1952లో చందమామ సంపాదక వర్గంలో చేరిన ఇతడు 1954లో "తోకచుక్క"తో ఆరంభించి 1970ల చివరి వరకు వరుసగా ధారావాహికలు వ్రాశాడు. పత్రికలో రచయిత పేరు ప్రకటించే ఆచారం లేకపోవడంతో చాలామంది పాఠకులకు ఈ కథలు ఎవరివో ఎన్నో ఏళ్ళు తెలియలేదు. వాటిలో ముఖ్యమైనవి:

* తోకచుక్క
* మకరదేవత
* ముగ్గురు మాంత్రికులు - పింగళుడు, పద్మపాదుడు ప్రధాన పాత్రలు
* కంచుకోట
* జ్వాలాద్వీపం
* రాకాసి లోయ
* పాతాళదుర్గం - ధూమకుడు, సోమకుడు ప్రధాన పాత్రలు
* శిథిలాలయం - శిఖిముఖి, విక్రమకేసరి ప్రధాన పాత్రలు
* రాతి రథం
* యక్షపర్వతం - ఖడ్గవర్మ, జీవదత్తుడు ప్రధాన పాత్రలు
* మాయాసరోవరం - జయశీలుడు, సిద్ధసాధకుడు ప్రధాన పాత్రలు
* భల్లూక మాంత్రికుడు

పైన చెప్పిన జంటలను గమనిస్తే వీటిలో చాలా కథలు ఇద్దరు మిత్రుల ప్రయాణంగా నడుస్తాయని తెలుస్తుంది. ఒకరు కత్తికి, మరొకరు యుక్తికి ప్రతీకలుగా ఉండడం కూడా కనిపిస్తుంది. చిత్ర అనే పేరుతో ప్రసిద్ధుడైన టి.వి.రాఘవన్ వేసిన బొమ్మలు ఈ కథల ఆకర్షణలో సగభాగమని చెప్పవచ్చు. చందమామ ప్రచురణ 2010ల ఆరంభంలో నిలిచిపోయింది. ఈ ధారావాహికలు తరువాతి కాలంలో పుస్తకాలుగా లభ్యమయ్యాయి.

అనువాదాలు

నండూరి రామమోహనరావు (1927-2011) మార్క్ ట్వేన్ నవలలను టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్, రాజు-పేద అనే పేర్లతోను, స్టీవెన్‌సన్ నవలను కాంచనద్వీపం అనే పేరుతోను తెలుగు చేశాడు. ఇవి మొదట ఆంధ్ర వారపత్రికలో బాపు బొమ్మలతో వెలువడ్డాయి. అనువాదమని తెలియనంత సహజమైన తెలుగులో ఉండడం వలన నేటికీ ఇవి పునర్ముద్రణ పొందుతున్నాయి.

సోవియట్ యూనియన్‌లోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు రష్యన్ బాలల పుస్తకాలను తెలుగులో ముద్రించి అతి తక్కువ ధరకు అందించాయి. విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా ఇవి చిన్న పట్టణాలకు కూడా చేరాయి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమవడంతో ఈ సరఫరా ఆగిపోయింది. హ్యారీ పోటర్ తొలి నవల భోపాల్‌కు చెందిన మంజుల్ సంస్థ ద్వారా తెలుగులో వెలువడింది.

స్వతంత్ర నవలలు, పురస్కారాలు

పత్రికలతో సంబంధం లేకుండా పిల్లల కొరకు నేరుగా నవలలు వ్రాసిన వారిలో కలువకొలను సదానంద ఒకడు. ఇతని "బంగారు నడిచిన బాట" పేరు పొందింది. కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాలసాహిత్య పురస్కారాలను ప్రారంభించినపుడు తెలుగులో తొలి పురస్కారం ఇతని "అడవితల్లి"కి లభించింది. 2024లో పి.చంద్రశేఖర్ ఆజాద్ వ్రాసిన "మాయాలోకం" నవలకు ఇదే పురస్కారం వచ్చింది.

జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలకు కూడా ఈ పురస్కారంతో సంబంధం ఉంది. మెట్‌పల్లి మండలం చౌలమద్దికి చెందిన వాసాల నర్సయ్య 2017లో, సిరిసిల్లకు చెందిన పత్తిపాక మోహన్ "బాలల తాతా బాపూజీ" అనే రచనకు 2022లో దీనిని అందుకున్నారు. అయితే ఈ ప్రాంతపు బాలసాహిత్యంలో గేయానికి, చిన్న కథకు ఉన్న బలం నవలకు ఇంకా రాలేదు. 200 పేజీల కథ వ్రాసి ప్రచురించడానికి పత్రికల ఆసరా లేకపోవడం దీనికి ఒక కారణం.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

చదివే స్థాయి

వయసు ఒక్కటే కొలత కాదు. 5వ తరగతి చదివే ఇద్దరు పిల్లల పఠన స్థాయిలో రెండు మూడు తరగతుల తేడా ఉండడం సాధారణం. అందుకు ఉపాధ్యాయులు "ఐదు వేళ్ళ పద్ధతి" అనే చిన్న పరీక్షను వాడుతారు. పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరచి చదవమని, తెలియని పదం వచ్చినపుడల్లా ఒక వేలు మడవమని పిల్లవాడికి చెబుతారు. ఒక వేలుకు మించి మడవకపోతే పుస్తకం తేలిక, రెండు మూడు అయితే సరిపోతుంది, ఐదు అయితే ప్రస్తుతానికి కష్టం.

తెలుగు పుస్తకాల విషయంలో పదాలతో పాటు మరి కొన్ని చూడాలి.

* సంయుక్తాక్షరాలు: ఉగ్రాక్షుడు, విక్రమకేసరి వంటి పేర్లు ప్రతి పేరాలోను వస్తాయి. మొదటి అధ్యాయంలో పెద్దలు పైకి చదివి వినిపిస్తే ఈ అడ్డంకి తొలగిపోతుంది.
* వాక్య నిర్మాణం: "లేచి, చూసి, పరుగెత్తి, చేరుకొని" అని అసమాపక క్రియలు వరుసగా వచ్చే పొడవైన వాక్యాలలో, కర్త ఎవరో చిన్న పాఠకుడు మరచిపోతాడు. పేరాకు ఒకటి రెండు అటువంటి వాక్యాలకు మించి లేని పుస్తకాలు మొదటి నవలకు అనుకూలం.
* దీర్ఘ సమాసాలు, సంధులు: పాత ముద్రణలలో ఎక్కువ. వీటిని 7వ తరగతి పైబడిన వారికి కేటాయించవచ్చు.
* అచ్చు: అక్షరం చిన్నదై వత్తులు ఒకదానికొకటి తగులుతుంటే కథ ఎంత బాగున్నా పిల్లలు విడిచిపెడతారు.

కథా నిర్మాణం

మొదటి పది పేజీలలో కథ కదలాలి. ధారావాహికగా వచ్చిన నవలలలో ప్రతి భాగం చివర ఒక ఆపద ఉంటుంది. ఈ లక్షణం కొత్త పాఠకుడికి మేలు చేస్తుంది, ఎందుకంటే రోజుకు ఒక భాగం చదివి ఆపినా మరునాడు కొనసాగించాలనే కోరిక ఉంటుంది. కానీ పుస్తకంగా ఒక్కసారి చదివినపుడు, వరుసగా వచ్చే ఆపదలు ఒకే తీరుగా తోచవచ్చు.

అద్భుత కథలో మంత్రానికి హద్దు ఉందా అని చూడాలి. ఏ చిక్కు వచ్చినా అప్పటికప్పుడు ఒక కొత్త శక్తితో పరిష్కరించే కథలో ఉత్కంఠ నిలువదు. మంత్రదండానికి ఒక నియమం పెట్టి, ఆ నియమం వలననే నాయకుడు చిక్కుల్లో పడి, ఆలోచించి బయటపడే కథలు ఆలోచనా శక్తిని పెంచుతాయి.

భయం, హింస

రాక్షసుడు, చీకటి గుహ, బలిపీఠం ఈ కథలలో సర్వసాధారణం. భయం లేనిదే సాహసం లేదు. కావున భయం ఉన్నదా అని కాక, కథ చివరకు పాఠకుడిని ఎక్కడ విడిచిపెడుతుందో చూడాలి. 8, 9 ఏళ్ళ వారికి ఆపద దాటి ఇంటికి చేరే కథలు, 11, 12 ఏళ్ళ వారికి కొంత నష్టం మిగిలే కథలు కూడా తగినవి. ఇంట్లో ఇటీవల మరణం, ప్రమాదం వంటివి జరిగిన పిల్లవాడికి పుస్తకం ఇచ్చే ముందు దానిని పెద్దలు ఒకసారి పూర్తిగా చదవడం మంచిది.

చెడ్డ పాత్రల చిత్రణ కూడా ముఖ్యం. కాంచనద్వీపంలోని ఒంటికాలి నావికుడు సిల్వర్ ప్రేమగా మాట్లాడతాడు, మోసమూ చేస్తాడు. అటువంటి పాత్ర గురించి పిల్లలు గంటల కొద్దీ వాదించుకోగలరు. పూర్తిగా నల్లగానో, పూర్తిగా తెల్లగానో ఉండే పాత్రలతో అది సాధ్యం కాదు.

పాత్రల చిత్రణలో సమానత

1950-80 మధ్య వెలువడిన జానపద నవలలలో సాహసం చేసేది దాదాపు ఎల్లప్పుడూ యువకులే. రాకుమార్తెలు తరచు అపహరింపబడి, కాపాడబడే పాత్రలుగా మిగిలిపోతారు. అడవిలో నివసించే జాతులను అనాగరికులుగా, మరుగుజ్జులను, అంగవైకల్యం గలవారిని క్రూరులుగానో హాస్యపాత్రలుగానో చూపడం కూడా ఆ కాలపు రచనలలో కనిపిస్తుంది. ఇది తెలుగుకు మాత్రమే పరిమితం కాదు. అదే కాలపు, అంతకు ముందరి ఆంగ్ల సాహస నవలలలో కూడా ఈ లోపం ఉంది.

ఈ కారణంగా పాత పుస్తకాలను పూర్తిగా తొలగించాలనే వారు ఉన్నారు. వాటిని ఉంచి, పక్కనే బాలికలు ప్రధాన పాత్రలుగా గల కొత్త పుస్తకాలను కూడా ఉంచాలని, చదివిన తరువాత తరగతిలో చర్చించాలని మరి కొందరి అభిప్రాయం. పదిమందిలో సగం మంది బాలికలు ఉన్న తరగతికి తెచ్చిన పది నవలలలో ఒక్క దానిలోనైనా బాలిక తానే నిర్ణయం తీసుకునే కథ లేకపోతే ఆ ఎంపిక అసంపూర్ణమని చెప్పవచ్చు. ఎల్లారెడ్డిపేట ప్రాంతంలో గిరిజన తండాల పిల్లలు కూడా అవే బడులకు వస్తారు. అడవి మనుషులను ఎగతాళి చేసే పేజీ వారి చేతికి కూడా చేరుతుందని ఎంపిక చేసేవారు గుర్తుంచుకోవాలి.

భాష, మాండలికం

అచ్చులో ఉన్న పిల్లల నవలలలో ఎక్కువ భాగం కోస్తా జిల్లాల శిష్ట వ్యావహారికంలో ఉన్నాయి. తెలంగాణ పిల్లవాడికి ఇంట్లో బాపు, అంగి, తొవ్వ అనే మాటలు, పుస్తకంలో నాన్న, చొక్కా, దారి అనే మాటలు కనిపిస్తాయి. కథ పట్టు ఉంటే పిల్లలు ఈ తేడాను సులభంగానే దాటుతారు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, తమ మాట పుస్తకంలో ఎక్కడా లేదని, లేదా నవ్వించే పాత్ర నోట మాత్రమే ఉందని గమనించినపుడు. కావున తెలంగాణ నుడికారంలో వచ్చిన కథలు కొన్ని అయినా జాబితాలో ఉండాలి. ప్రభుత్వ పాఠశాలల పిల్లలు స్వయంగా వ్రాసిన కథల సంకలనాలు ఈ లోటును కొంత తీర్చాయి. సిద్దిపేట జిల్లా నుండి వెలువడిన "జక్కాపూర్ బడి పిల్లల కథలు" వాటిలో ఒకటి.

అనువాదం, సంక్షిప్త రూపం

ఒకే ఆంగ్ల నవలకు తెలుగులో పూర్తి అనువాదం, సంక్షిప్త అనువాదం, బొమ్మల కథ అని పలు రూపాలు ఉంటాయి. 400 పేజీల నవలను 40 పేజీలకు కుదించినపుడు సంఘటనలు మిగులుతాయి, పాత్రల మాటతీరు పోతుంది. హకల్‌బెరీ ఫిన్ వంటి నవలలో బానిసత్వం గురించిన లోతైన ప్రశ్న ఉంది. కుదింపులో అది నదిపై తెప్ప ప్రయాణంగా మాత్రమే మిగలవచ్చు. అందువలన 9 ఏళ్ళ వారికి టామ్ సాయర్, 12 ఏళ్ళ వారికి హకల్‌బెరీ ఫిన్ పూర్తి పాఠం అనే క్రమం మేలు. ముఖపత్రం మీద అనువాదకుని పేరు లేని పుస్తకాలను కొనే ముందు రెండు మూడు పేజీలు చదివి చూడాలి.

ఎల్లారెడ్డిపేట పరిసరాలలో లభ్యత

ఎల్లారెడ్డిపేట సిరిసిల్ల నుండి కామారెడ్డి వెళ్ళే మార్గంలో ఉన్న మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి పట్టణం వేరు. సిరిసిల్ల మరమగ్గాలకు ప్రసిద్ధి. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల గ్రామాలలో బీడీలు చుట్టే మహిళలు, గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళిన పురుషులు ఎక్కువ. చాలా ఇళ్ళలో బడికి వెళ్ళే పిల్లలే ఆ ఇంట నవల చదవగల మొదటి తరం. అటువంటి ఇంట్లో పాఠ్యపుస్తకం కాని పుస్తకం కొనడం అరుదైన ఖర్చు. కొన్న ఒక్కటి పనికిరానిదైతే రెండవది కొనే అవకాశం తక్కువ.

ఇటువంటి చోట పుస్తకాలు పిల్లలకు చేరే మార్గాలు ఇవి:

* శాఖా గ్రంథాలయాలు: 1960 నాటి ఆంధ్ర ప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం క్రింద ఏర్పడిన జిల్లా గ్రంథాలయ సంస్థలు వీటిని నడుపుతాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సుంకం వీటి ప్రధాన ఆదాయం. 2014 తరువాత తెలంగాణలో కూడా ఈ చట్టమే కొనసాగింది.
* పాఠశాల గ్రంథాలయాలు: సమగ్ర శిక్షా పథకం క్రింద ప్రభుత్వ పాఠశాలలకు స్థాయిని బట్టి సంవత్సరానికి 5,000 నుండి 20,000 రూపాయల వరకు గ్రంథాలయ నిధి ఇచ్చే ఏర్పాటు ఉంది.
* ప్రచురణ సంస్థలు: 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్ "నెహ్రూ బాల పుస్తకాలయం" వరుసలో తక్కువ ధర పుస్తకాలను ప్రచురిస్తుంది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థలు పిల్లల పుస్తకాలను తపాలా ద్వారా కూడా పంపుతాయి.
* పుస్తక ప్రదర్శనలు: హైదరాబాదులో ఏటా జరిగే జాతీయ పుస్తక ప్రదర్శన నుండి ఉపాధ్యాయులు ఒకేసారి పుస్తకాలు తెచ్చుకోవడం పరిపాటి.

2022 ఫిబ్రవరిలో తెలంగాణ పాఠశాల విద్యాశాఖ వంద రోజుల పఠన కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇటువంటి కార్యక్రమాలు పుస్తకాన్ని బీరువా నుండి బయటకు తేవడానికి ఉపయోగపడతాయి. తాళం వేసిన బీరువాలోని పుస్తకం ఎంత మంచిదైనా లేనట్లే. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో ప్రతిపాదించిన ఐదు సూత్రాలలో మొదటిది పుస్తకాలు వాడకం కొరకే అన్నది. తరువాతి రెండు సూత్రాలు పాఠకుడిని, అతనికి తగిన పుస్తకాన్ని కలపడాన్ని గురించినవే.

చిన్న గ్రంథాలయానికి ఎంపిక క్రమం

పరిమితమైన నిధితో ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు 20 సాహస, అద్భుత నవలలు కొనవలసి వస్తే ఈ క్రింది క్రమం అనుసరించదగినది.

# ముందుగా పిల్లలను అడగాలి. చూసిన సినిమా, విన్న కథలలో ఏది నచ్చిందో చెప్పిస్తే వారి అభిరుచి తెలుస్తుంది. బాహుబలి నచ్చిన పిల్లవాడికి కంచుకోట దూరం కాదు.
# 20 లో సుమారు 8 పుస్తకాలు 100 పేజీల లోపువి ఉండాలి. మొదటి నవలను పూర్తి చేశామనే తృప్తి రెండవ నవలకు దారి తీస్తుంది.
# మరో 6 జానపద నవలలు, 4 అనువాద నవలలు, మిగిలిన 2 కొత్త రచయితలవి లేదా తెలంగాణ నేపథ్యం గలవి కావచ్చు. బాలికలు ప్రధాన పాత్రలుగా గలవి ఈ అన్ని వర్గాలలోను వెదకాలి.
# బాగా చదవబడే పుస్తకానికి రెండవ ప్రతి కొనడం, చదవబడని కొత్త పుస్తకం కొనడం కంటే మేలు. ఇద్దరు మిత్రులు ఒకేసారి ఒకే కథ చదివి మాట్లాడుకుంటారు.
# కొన్న ప్రతి నవల మొదటి అధ్యాయాన్ని ఉపాధ్యాయుడు తరగతిలో పైకి చదివి, ఆసక్తికరమైన చోట ఆపాలి. తరువాత పుస్తకాన్ని బల్ల మీద ఉంచితే చాలు.
# నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలే స్వేచ్ఛ ఇవ్వాలి. ఫ్రెంచి రచయిత, ఉపాధ్యాయుడు డేనియల్ పెనాక్ 1992లో ప్రకటించిన పాఠకుని పది హక్కులలో ఇది కూడా ఒకటి.
# చదివిన వెంటనే ప్రశ్నలు అడిగి మార్కులు వేయరాదు. అలా చేస్తే నవల మరొక పాఠ్యపుస్తకం అవుతుంది.

అభిప్రాయ భేదాలు

మంత్రతంత్రాల కథలు పిల్లలలో మూఢనమ్మకాలను పెంచుతాయని హేతువాదులు, కొందరు ఉపాధ్యాయులు విమర్శించారు. బాణామతి పేరుతో అమాయకులపై దాడులు జరిగిన చరిత్ర ఉత్తర తెలంగాణకు ఉన్నందున ఈ విమర్శను తేలికగా తీసివేయడానికి వీలు లేదు. మరొక పక్షం వారు, కథలోని మాంత్రికుడు కల్పితమని పిల్లలకు తెలుసునని, పొరుగింటి ముసలమ్మను మంత్రగత్తె అని పెద్దలు చెప్పే మాటే ప్రమాదమని అంటారు. దాసరి సుబ్రహ్మణ్యం కథలలో మాంత్రికులు తరచు తమ దురాశ వలననే నశించడం, నాయకులు యుక్తితో గెలవడం ఈ వాదనకు బలం. అద్భుత నవలతో పాటు విజ్ఞాన కథలను కూడా అందుబాటులో ఉంచి, రెండింటి తేడాను పిల్లలతో మాట్లాడడం మధ్యేమార్గం.

తెలుగు మాధ్యమం తగ్గి ఆంగ్ల మాధ్యమం పెరిగిన కారణంగా ఆంగ్ల నవలలనే కొనాలనే వాదన కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యా సంవత్సరం నుండి 1 నుండి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టబడింది. అయితే ఆనందం కొరకు చదివే అలవాటు బాగా తెలిసిన భాషలో ముందుగా కలుగుతుంది. ఆ అలవాటు కుదిరిన తరువాత రెండవ భాషకు దానిని తీసుకువెళ్ళడం సులభం. తెలుగులో కాంచనద్వీపం చదివిన బాలిక కథ ముందే తెలిసినందున ఆంగ్ల మూలాన్ని ధైర్యంగా తెరవగలదు.

ఇవి కూడా చూడండి

* బాలసాహిత్యం
* చందమామ
* దాసరి సుబ్రహ్మణ్యం
* నండూరి రామమోహనరావు
* కాశీమజిలీ కథలు
* గ్రంథాలయోద్యమం
* ఎల్లారెడ్డిపేట